వాద్య వైద్యం: బాకా మెరుపును కాపాడుకోవడం ఎలా?

ఇత్తడి వాద్యాల పైపూత గురించి, దానిమీద పడే గీతల గురించి, అరుగుదల గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక పల్లె. పన్నెండు మందితో బ్యాండు మేళం నడుపుతున్నాను. రెండేళ్ల కిందట మీరట్‌లో తయారైన ట్రంపెట్లు (బాకాలు) ఆరు, యుఫోనియంలు (ఒళ్లో ఆనించుకుని ఊదే పెద్ద బాకాలు) రెండు కొన్నాం. కొన్ననాడు బంగారంలా ఉన్నవి ఇప్పుడు చెయ్యి పట్టుకునే చోటల్లా పూత లేచిపోయి నల్లబడ్డాయి, అక్కడక్కడా పచ్చగా చిలుము పట్టింది. ముహూర్తాలు మొదలయ్యే ముందు మావాళ్లు చింతపండు, బూడిద పెట్టి తోముతారు. తోమిన రోజు మెరుస్తాయి, వారం తిరక్కుండా మునుపటికన్నా అధ్వానం అవుతాయి. పెళ్లివారు మేళాన్ని చూసి బేరమాడతారు కనుక ఈ మెరుపు మాకు కూటికి సంబంధించిన సంగతి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ చింతపండును ఆపించండి. మిగతా సంగతులు తరువాత చూద్దాం.

మీ ట్రంపెట్ మీద కనిపించిన ఆ బంగారు రంగులో ఇత్తడి వాటా కొంతే. మామూలు పచ్చ ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం (జింక్) ఉంటాయి. ఆ లోహాన్ని అద్దంలా మెరుగుపెట్టి గాలికి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే మసకబారుతుంది కాబట్టి, తయారీలోనే దానిమీద ల్యాకర్ అనే పారదర్శకమైన పూతను పిచికారీ చేసి ఆరబెడతారు. ఆ పూత మన తలవెంట్రుకకన్నా పలచన. ల్యాకర్ అన్న మాటకు, మన లక్క అన్న మాటకు మూలం ఒకటే. ఏటికొప్పాక బొమ్మల మీద నిగనిగలాడేది అసలైన లక్క. ఈనాటి వాద్యాల మీద ఉండేది రసాయన పూత, కానీ రెండింటి పని ఒకటే: లోపలి వస్తువుకు గాలీ తడీ తగలకుండా కాపు కాయడం. ఆ పొర ఉన్నంతకాలం ఇత్తడి దానంతట అదే మెరుస్తుంది. మనం తోమవలసిన అవసరమే రాదు.

చింతపండు ఇత్తడి బిందెను మెరిపించడం నిజమే. అందులోని పులుపు, అంటే ఆమ్లం, లోహం మీద పేరుకున్న మసకను కరిగిస్తుంది. అయితే బిందెకు పూత లేదు, మీ ట్రంపెట్‌కు ఉంది. పూత బాగున్న చోట పులుపుకు చేయవలసిన పనే ఉండదు. పూత పగిలిన చోట మాత్రం అది ఆ పగులులోంచి దిగి, చుట్టూ ఉన్న పూత అంచుల కిందికి పాకి, లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. పైపెచ్చు బూడిద, పీచు కలిసి గరుకు కాగితంలా పనిచేసి, బాగున్న పూత మీద కూడా సన్నని గీతలు వేస్తాయి. ఆ గీతల్లోంచి చెమట లోపలికి దారి చేసుకుంటుంది. మీరు నీళ్లతో కడిగామని అనుకున్నా, గొట్టాల అతుకుల దగ్గర, స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే వాల్వుల మూతల మరల్లో పులుపు కొంత మిగిలిపోతుంది. వారం తిరక్కుండా మునుపటికన్నా అధ్వానం కావడానికి కారణం ఇదే.

ఈ తప్పు నేనూ చేశాను. మరమ్మతు పని నేర్చుకుంటున్న కొత్తలో, ఒక బ్యాండు మాస్టారు తెచ్చిన ట్రంపెట్ బెల్ (ముందు విచ్చుకున్న గరాటా మూతి) మీద గోరంత మచ్చ కనబడితే, దాన్ని పోగొడదామని ఇత్తడి పాలిష్ పెట్టి అరగంట రుద్దాను. మచ్చ పోయింది, దానితోపాటు అరచేయంత పూతా పోయింది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ తరువాత ఎప్పుడొచ్చినా ఆ బోడి చోటునే నా వైపు తిప్పి బల్లమీద పెట్టేవారు.

అందుచేత మొదట ప్రతి వాద్యం మీదా ఎక్కడ పూత ఉంది, ఎక్కడ లేదు అన్నది తేల్చుకోండి. తెల్లటి నూలు గుడ్డ కొసకు ఆవగింజంత ఇత్తడి పాలిష్ రాసి, కనబడని చోట రెండుసార్లు మాత్రం మెల్లగా రుద్దండి. గుడ్డ నల్లబడితే అక్కడ ఉత్త లోహం ఉన్నట్టు. తెల్లగానే ఉంటే పూత ఉన్నట్టు, ఇక అక్కడ పాలిష్ ముట్టుకోనే కూడదు. పూత ఉన్న భాగాలకు తడి గుడ్డ, దాని వెంట పొడి గుడ్డ, ఇంతే చాలు. పూత లేని చోట సీజనుకు ఒకటి రెండుసార్లు పాలిష్ పెట్టుకోవచ్చు. పెట్టిన తరువాత దాన్ని పూర్తిగా తుడిచి, కడిగి, ఆరనిచ్చి, గరుకు పదార్థం కలవని మైనాన్ని పలచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. మ్యూజియంలలో పాత లోహపు వస్తువుల మీద మైక్రోక్రిస్టలైన్ అనే ఒకరకం మైనం రాసి కాపాడేదీ ఈ పద్ధతిలోనే. మైనం ల్యాకర్ అంత గట్టిది కాదు, తరచూ మళ్లీ రాయవలసి ఉంటుంది. కానీ అది అరిగినా లోహానికి నష్టం లేదు.

ఇక అరుగుదల ఎక్కడినుంచి వస్తున్నదో చూద్దాం. మీ ట్రంపెట్లలో ఏదో ఒకటి తీసి ఎడమ చేత్తో పట్టుకుని, చెయ్యి కదలకుండా ఉంచి కింది నుంచి చూడండి. మూడు వాల్వుల గొట్టాల మీద పూత లేచిపోయిన మచ్చ సరిగ్గా మీవాడి అరచేతి అచ్చులా ఉంటుంది. పెదవులు ఆనించి ఊదే మౌత్‌పీస్ నుంచి వచ్చే గొట్టం కింద కుడిచేతి బొటనవేలు ఆనే చోట మరో చిన్న మచ్చ ఉంటుంది. ఇవి చెమట మచ్చలు. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు పూతను క్రమంగా వదులు చేస్తాయి. కొందరి చెమటకు ఈ గుణం మరీ ఎక్కువ, అటువంటివారి చేతిలో కొత్త వాద్యం ఒక్క వేసవిలోనే రంగు మారుతుంది. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. వాల్వుల చుట్టూ చుట్టి గుండీలు పెట్టుకునే తొడుగు సంగీత వాద్యాల దుకాణాల్లో దొరుకుతుంది. అది తోలుదైనా రెగ్జిన్‌దైనా మేళం ముగిసిన వెంటనే విప్పి లోపలి తడి తుడవాలి. లేకపోతే చెమట దాని లోపలే నిలిచి, తొడుగు లేనప్పటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. నన్నడిగితే మీవంటి మేళానికి తెల్లటి నూలు చేతితొడుగులే మేలంటాను. అవి యూనిఫాంకు అందం, ఖర్చు తక్కువ, ఇంట్లో ఉతుక్కోవచ్చు. కానీ ఉతకాలి సుమండీ. నాలుగు పెళ్లిళ్ల చెమట ఇంకి అట్ట కట్టిన తొడుగుకన్నా ఉత్త చెయ్యే నయం.

గీతల సంగతికి వస్తే, మీ మేళం కోట్లను ఒకసారి చూడండి. ఛాతీ మీద రెండు వరసల లోహపు గుండీలు, భుజాల మీద జరీ కుచ్చులు, నడుముకు పెద్ద బకిల్ ఉంటాయి. యుఫోనియం గంటల తరబడి ఆనుకుని ఉండేది సరిగ్గా ఆ గుండీల మీదే. దాని వెనుక వైపు నిలువుగా పడిన గీతలను గుండీల వరసతో సరిపోల్చి చూస్తే మీకే అర్థమవుతుంది. ఆ వాద్యాలు వాయించే ఇద్దరి కోట్లకు మాత్రం గుండీలు లోపలికి దాగేలా కుట్టించండి, లేదా మధ్యలో ఒక మెత్తటి గుడ్డ కట్టుకోమనండి. చేతికి కడియం, ఉంగరం, గడియారం ఉన్నవారు వాయించేముందు తీసి జేబులో వేసుకోవాలి.

బారాత్‌లో బాణసంచా కాల్చే చోట మేళం కొంచెం ఎడంగా నిలబడటం మంచిది. చెవులకూ మంచిదే, కానీ నేను చెబుతున్నది పూత గురించి. మందుగుండులో గంధకం ఉంటుంది, కాలిన తరువాత మిగిలే నుసి తేమను పీల్చుకుని, వాలిన చోటల్లా లోహాన్ని నల్లబరుస్తుంది. అది పడిందనిపిస్తే పొడిగుడ్డతో రుద్దవద్దు, రుద్దితే ఆ నుసే గీతలు వేస్తుంది. మొదట తడి గుడ్డతో ఎత్తి తీసి, ఆ పిమ్మట పొడిగుడ్డ వాడాలి. పెళ్లివారు మీద చల్లే సెంటు విషయంలోనూ జాగ్రత్త పడండి, అందులోని ఆల్కహాల్ కొన్ని రకాల ల్యాకర్‌ను మెత్తబరుస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజరూ అంతే. అది పూర్తిగా ఆరాకే వాద్యం పట్టుకోవాలి.

వాద్యాలను ట్రాలీ ఆటోలో ఒకదానిమీద ఒకటి వేసి గోనెపట్టా కప్పే అలవాటు మీకూ ఉందనే అనుకుంటాను. గోనె ఆకురాయి వంటిది. ఊళ్లో దర్జీ చేత పాత ఫ్లానెల్ దుప్పటితో ఒక్కోదానికి ఒక్కో సంచి కుట్టించండి. మౌత్‌పీస్‌ను మాత్రం వేరే చిన్న సంచిలో వేయాలి. అది లోపల వదులుగా దొర్లుతూ బెల్‌కు కొట్టుకుంటే సొట్టలు పడతాయి, ఆ సొట్టల మీద పూత నెరియలు విచ్చుతుంది.

చివరగా ఆషాఢం సంగతి. ముహూర్తాలు ఉండవు, వాద్యాలు అటక ఎక్కుతాయి, సరిగ్గా అప్పుడే వానలు మొదలై గాలిలో తేమ పెరుగుతుంది. మూడు నెలల మేళం చేయని హాని ఒక నెల అటక చేస్తుంది. పైకి ఎక్కించేముందు గొట్టాలు ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు వేసి లోపలా బయటా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. వేడినీళ్లు పోస్తే మాత్రం పూత పొరలు పొరలుగా లేస్తుంది. నాలుగు సుద్దముక్కలను గుడ్డలో మూటకట్టి సంచిలో వేస్తే తేమను కొంత పీల్చుకుంటాయి. పదిహేను రోజులకొకసారి దించి, విప్పి, గాలి తగలనివ్వండి.

ఇప్పటికే సగానికి పైగా పూత పోయిన ట్రంపెట్ ఏదైనా ఉంటే, మిగిలిన సగాన్ని కూడా తీయించి ఉత్త ఇత్తడిగా వాడుకోవడమో, నికెల్ పూత వేయించడమో ఆలోచించండి. నికెల్ గట్టిది, ఎండకూ చెమటకూ బాగా ఓర్చుకుంటుంది. అయితే అది ఒంటికి పడనివారికి చేతులు దురదపెడతాయి, కాబట్టి వాయించేవారిని ముందే అడగండి.

ప్రశ్న: విశాఖపట్నంలో మా చర్చి బృందంలో కార్నెట్ (ట్రంపెట్‌ను పోలిన పొట్టి వాద్యం) వాయిస్తాను. దానికి వెండి పూత ఉంది. ఎంత శుభ్రంగా తుడిచి, ఉన్ని శాలువాలో చుట్టి పెట్టెలో దాచినా నెల తిరిగేసరికి గోధుమ రంగుకు, తరువాత నలుపుకు తిరుగుతోంది. సముద్రపు గాలి వల్లనేనా?

జవాబు: సముద్రపు గాలికి ఇందులో వాటా ఉంది. ఉప్పు, తేమ ఏ లోహానికీ మంచివి కావు. కానీ అసలు దోషి మీ శాలువా అని నా అనుమానం. వెండిని నల్లబరిచేది ముఖ్యంగా గంధకం, ఉన్నిలో సహజంగానే గంధకం ఉంటుంది. పాటల కాగితాలకు చుట్టే రబ్బరు బ్యాండ్లను కూడా అదే పెట్టెలో వేస్తూ ఉంటే వాటినీ తీసేయండి. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, కార్నెట్‌కు రబ్బరు బ్యాండు తగిలిన చోట నల్లటి గీత స్పష్టంగా పడుతుంది. శాలువా స్థానంలో బాగా ఉతికి ఆరేసిన నూలు పంచె ముక్క వాడి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి చూడండి. వెండి నల్లబడకుండా పెట్టెలో వేసుకునే కాగితపు పట్టీలు కూడా అమ్ముతారు.

నల్లబడిన వెండిని చూసి కంగారు పడవద్దు, నలుపు వెండికి హాని కాదు. హాని చేసేది దాన్ని పోగొట్టడానికి మనం చేసే పాలిష్. పాలిష్ పెట్టిన ప్రతిసారీ ఆ గుడ్డకు అంటేది మురికి ఒక్కటే కాదు, కాస్త వెండి కూడా. వెండి పూత మందం మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) లెక్కలో ఉంటుంది కాబట్టి, నెలనెలా రుద్దే కార్నెట్ మీద అంచుల దగ్గర కొన్నాళ్లకు పసుపు ఇత్తడి తొంగిచూస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, పండుగకు ముందు, వెండికోసం తయారుచేసిన పాలిష్ గుడ్డతో రుద్దితే చాలు. ఇత్తడి పాలిష్ వెండికి మరీ గరుకు. మిగతా రోజుల్లో వాయించగానే మెత్తటి గుడ్డతో చెమట తుడిచి పెట్టండి.

మౌత్‌పీస్ ఒక్కదానికి మాత్రం రుద్దకుండా నలుపు పోగొట్టే ఉపాయం ఉంది. గాజు గిన్నెలో అడుగున అల్యూమినియం రేకు కాగితం పరిచి, వంటసోడా ఒక చెంచా వేసి, వేడినీళ్లు పోసి, మౌత్‌పీస్ ఆ రేకుకు తగిలేలా ఉంచండి. కొంచెం కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది వెండిని పట్టుకున్న గంధకం వదిలిపోతున్న వాసన. నిమిషాల్లో వెండి వెండిగా తేలుతుంది. కార్నెట్ మొత్తాన్ని ఇలా ముంచవద్దు. దానిలోని ఫెల్టు బిళ్లలు, బిరడాలు, అతుకులు వేడి సోడా నీళ్లలో నానవలసినవి కావు.

ప్రశ్న: మేము అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఆరో తరగతిలో స్కూల్ బ్యాండులో చేరి అద్దెకు తెచ్చిన ట్రంపెట్ నేర్చుకుంటోంది. బెల్ మీద రెండు గీతలు పడ్డాయి. ఇంట్లో మేమే గోళ్ల రంగు వంటిది పూసి సరిచేయవచ్చా?

జవాబు: వద్దమ్మా. అద్దె వాద్యానికి ఇంటి వైద్యం చేస్తే గీతకన్నా వైద్యానికే ఎక్కువ సొమ్ము కట్టవలసి రావచ్చు. గోళ్ల రంగు కింద తేమ చిక్కుకుంటే ఆ గీత నల్లటి చారగా మారుతుంది, దాన్ని తీయడానికి వాడే ద్రావకం చుట్టూ ఉన్న అసలు పూతను కూడా తీసుకుపోతుంది. అద్దె ఒప్పందంలో మరమ్మతు రక్షణ ఉందేమో చదివి, గీతల సంగతి దుకాణం వారికి ఇప్పుడే చెప్పండి. పాపకు మాత్రం మూడు అలవాట్లు నేర్పండి. ట్రంపెట్‌ను కుర్చీ మీద వదిలి వెళ్లకూడదు, పేరు స్టిక్కర్ ఏదైనా అంటిస్తే పెట్టె మీదే అంటించాలి, పుస్తకాలను పెట్టె లోపల కుక్కి మూత నొక్కకూడదు. బెల్ మీద పడే గీతల్లో చాలావరకు ఆ కుక్కిన పుస్తకం తీగ చుట్టల వల్ల పడినవే. మౌత్‌పీస్ ఇరుక్కుంటే ఇంట్లో కటింగ్ ప్లేయర్ పట్టి లాగవద్దు. దానికోసం ప్రత్యేకమైన సాధనం బ్యాండు టీచరు దగ్గర సాధారణంగా ఉంటుంది.

ప్రశ్న: విజయవాడలో కర్ణాటక సంగీతం సాక్సోఫోన్ మీద సాధన చేస్తున్నాను. నా ఆల్టో సాక్సోఫోన్ వెనుక భాగంలో, అడుగు వంపు దగ్గర పూత గరుకుగా అరిగిపోయింది. మా గురువుగారి వాద్యానికీ అంతే. జాజ్ వాయించే స్నేహితుడి దానికి అలా లేదు. ఎందుకు?

జవాబు: మంచి పరిశీలన. సాక్సోఫోన్‌ను లెక్కకు వుడ్‌విండ్ (క్లారినెట్ వంటి, పూర్వం చెక్కతో చేసిన వాద్యాల) కుటుంబంలో చేర్చినా దాని ఒళ్లు ఇత్తడే, పూత బాధలన్నీ ట్రంపెట్‌వే. మీ స్నేహితుడు నిలబడి వాయిస్తాడు, మీరు సాక్సోఫోన్ విద్వాంసులు కద్రి గోపాల్‌నాథ్ గారు ప్రసిద్ధం చేసిన పద్ధతిలో వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. అప్పుడు వాద్యం అడుగు వంపు మీ కుడి తొడ మీదో, పంచె అంచు మీదో ఆని ఉంటుంది. ఆ అంచుకు ఉన్నది జరీ, అంటే లోహపు తీగ. ఉత్తరీయం జరీ కూడా అక్కడికే జారుతుంది. గమకం పలికించినప్పుడల్లా వాద్యం ఒక అంగుళం అటూ ఇటూ కదులుతుంది, రెండు గంటల కచేరీలో ఆ కదలిక ఎన్నిసార్లో లెక్కపెట్టలేం. కూర్చోగానే తొడ మీద మెత్తటి ఫ్లానెల్ గుడ్డ ఒకటి పరుచుకోండి, పంచె రంగులోనే ఉంటే సభకు కనబడదు. మెడపట్టీ కొక్కెం ఉత్త లోహానిదైతే ప్లాస్టిక్ తొడుగు ఉన్నదానికి మార్చండి, రింగు చుట్టూ పడే గుండ్రటి గీతలు ఆగుతాయి.

ఒక్క హెచ్చరిక. పై జవాబుల్లో ట్రంపెట్‌ను కడగమని రాశాను, సాక్సోఫోన్‌ను నీళ్లలో ముంచవద్దు. దాని మీటల కింద ఉండే తోలు బిళ్లలు తడిస్తే ఉబ్బి, స్వరరంధ్రాలను సరిగా మూయవు. మీటల మధ్య దుమ్మును మెత్తటి రంగుల కుంచెతో దులపండి.

ప్రశ్న: మా నాన్నగారు పోలీసు బ్యాండులో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయన సొంత ట్రంపెట్ 40 ఏళ్ల నాటిది. పూత చాలావరకు పోయి ముదురు గోధుమ రంగు తిరిగింది. కొత్తగా పూత వేయించి పుట్టినరోజుకు ఇద్దామని ఉంది. మంచిదేనా? మౌత్‌పీస్ పక్క గొట్టం మీద గులాబి రంగు చుక్కలు కూడా ఉన్నాయి.

జవాబు: మీ ఉద్దేశం మంచిదే గానీ, కొంచెం ఆగండి. కొత్త పూత వేయాలంటే మొదట పాతదాన్ని తీసి, లోహాన్ని చక్రం మీద మెరుగుపెట్టాలి. మెరుగు అంటే పైపొరను గీకి తీసేయడమే. ట్రంపెట్ బెల్ మందం దాదాపు అర మిల్లీమీటరు, తొందరపడే పనివాడి చేతిలో అది ఇంకా పలచబడి, చెక్కిన అక్షరాలు, అంచులు కరిగినట్టు అవుతాయి. ఆ ముదురు గోధుమ రంగు చాలా ఏళ్లపాటు గాలి తగిలి ఏర్పడినది. అది చిలుములా లోహాన్ని తినేది కాదు, ఒకవిధంగా కాపలా పొరే. నాన్నగారు ఇప్పటికీ వాయిస్తూ ఉంటే, లోపల కడిగించి, వాల్వులు సరిచేయించి, రంగును అలాగే వదిలేయండని నా సలహా. వాల్వులకు కొబ్బరినూనె వేసే అలవాటు ఉంటే మాన్పించండి. అది సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది, చలికాలం పొద్దున వాల్వు కిందికి దిగిందంటే మళ్లీ పైకి రాదు. వాల్వుల కోసం అమ్మే పలచటి నూనే వాడాలి.

పూతకన్నా ముందు చూడవలసింది ఆ గులాబి చుక్కలను. అవి పైనుంచి పడిన మచ్చలు కావు, లోపలినుంచి వచ్చినవి. ఊదే గాలితో వెళ్లే ఉమ్మి తడి, తిన్నవాటి ఆమ్లాలు గొట్టం లోపల నిలిచి, ఇత్తడిలోని తుత్తునాగాన్ని మెల్లగా తినేస్తే మిగిలిన రాగి గుల్లబారి గులాబి రంగులో బయటపడుతుంది. గోరుతో నొక్కి చూడవద్దు, చిల్లు పడవచ్చు. పైన ఎంత మంచి పూత వేసినా ఇది ఆగదు. మరమ్మతుదారు ఆ ఒక్క గొట్టాన్నే విడదీసి కొత్తది అతకగలడు, ఆ ఖర్చు మొత్తం పూత ఖర్చుకన్నా ముందు పెట్టవలసినది. కొత్త గొట్టం పసుపు పచ్చగా, మిగతా ట్రంపెట్ గోధుమగా ఉండి మొదట్లో అతుకు వేసినట్టు కనబడుతుంది. దానిమీద ల్యాకర్ వేయవద్దని పనివాడికి ముందే చెప్పండి, రెండు మూడు వానాకాలాల్లో అదీ మిగతా ట్రంపెట్ రంగులో కలిసిపోతుంది.